బోరు నీళ్ళ ఊళ్ళో బాడీవాష్: సబ్బు మానేయాలా, వద్దా?

ప్రశ్న క్లుప్తంగా ఇదీ. తిరుపతిలో కరకంబాడి రోడ్డు వైపు అపార్ట్‌మెంట్‌లో ఉండే ఒకావిడ అడిగారు. ఇంట్లో అందరికీ సబ్బు మాన్పించి ఒక ఖరీదైన బాడీవాష్ కొన్నారట. ఎన్ని మగ్గులు పోసుకున్నా ఒళ్ళు జారుడుగానే ఉంది, ఇది పోయినట్టా పోనట్టా అని భర్త విసుక్కుంటున్నారు. ఆరేళ్ళ బాబుకి మోచేతి మడతల్లో, మోకాళ్ళ వెనక గరుకు మచ్చలు, రాత్రిళ్ళు దురద. అత్తగారేమో ఈ సీసాలన్నీ దండగ, సున్నిపిండి పెట్టి రుద్దితే చాలంటారు. దామలచెరువు మామిడి మండీలో పనిచేసే మరిదికి సీజన్ వస్తే చేతుల నిండా సొన పొక్కులు. ఇంట్లో వాడేది బోరు నీళ్ళు. మళ్ళీ సబ్బుకే వెళ్ళాలా, క్రిములు చంపే రకం కొనాలా, అసలు ఏం చూసి కొనాలి?

అమ్మా, ముందు సూటిగా చెప్పేస్తాను. మీ బోరు నీళ్ళకి సబ్బు కన్నా బాడీవాషే నయం. కానీ అంత ఖరీదైనది అక్కర్లేదు, క్రిములు చంపే రకం అసలే వద్దు. బాబు విషయంలో మాత్రం ఏ సీసా అన్నది తర్వాతి సంగతి. స్నానం అయిన వెంటనే ఒంటికి ఏం రాస్తున్నారన్నదే ముఖ్యం. నేను చర్మవైద్యుణ్ణి కాను. సబ్బులు, షాంపూలు తయారుచేసే చోట ల్యాబ్‌లో ఉండి చాలాకాలం బ్యాచ్‌లు పరీక్షించిన మనిషిని. కాబట్టి సీసాలో ఏముందో, అది నీళ్ళలో ఏం చేస్తుందో ధైర్యంగా చెప్పగలను. జబ్బు పేరు చెప్పడం నా పని కాదు.

మీవారి జారుడు సంగతి ముందు తేల్చుకుందాం, మిగతా అన్నీ దానికే ముడిపడి ఉన్నాయి. సబ్బంటే నూనె, కాస్టిక్ సోడా కలిసి తయారైన పదార్థం. బోరు నీళ్ళలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. సబ్బు ఆ నీళ్ళలో పడగానే వాటితో కలిసి కరగని తెల్లటి తెట్టుగా మారిపోతుంది. మీ బకెట్ లోపల గీత కట్టేది, బాత్రూమ్ టైల్స్ మీద ఎంత తోమినా వదలనిది ఆ తెట్టే. అదే ఒంటి మీదా పల్చగా అంటుకుంటుంది. సబ్బుతో రుద్దుకుని నీళ్ళు పోసుకున్నాక చర్మం వేలి కింద కిర్రుమంటుందే, దాన్ని మనం శుభ్రం అనుకుంటాం. నిజానికి అందులో సగం ఆ తెట్టు పట్టిన గరుకు.

బాడీవాష్‌లో నురగనిచ్చే పదార్థాలు వేరు. అవి కాల్షియంతో కలిసి అలా తెట్టు కట్టవు. అందుకే చర్మం కిర్రుమనదు, జారుతుంది. దీనికి తోడు చాలా కంపెనీలు కావాలనే చర్మానికి అంటుకుని నునుపునిచ్చే పాలిమర్ ఒకటి కలుపుతాయి. లేబుల్ మీద పాలీక్వాటర్నియం-7 లాంటి పేరు కనబడితే ఆ నునుపు దానిదే. మురికి పోలేదని కాదు, హాని కూడా లేదు. మీవారికి ఆ స్పర్శ నచ్చకపోతే పాలీక్వాటర్నియం లేనిది తీసుకోండి, జారుడు చాలావరకు తగ్గుతుంది. జారుడు పోయేదాకా అని నాలుగు బకెట్లు వంచుకోవడం మాత్రం మాన్పించండి, ఎండాకాలం నీళ్ళ ట్యాంకర్లకి డబ్బులు కట్టే ఊళ్ళో అది పాపం.

మీ నీళ్ళు నిజంగా అంత గట్టివేనా అన్నది ఇంట్లోనే చూసుకోవచ్చు. రెండు ఖాళీ సీసాలు తీసుకోండి. ఒకదాంట్లో బోరు నీళ్ళు, ఇంకోదాంట్లో వాన నీళ్ళో ఆర్వో నీళ్ళో సగం వరకు పోయండి. మామూలు ఒంటి సబ్బు గోకి రెండింటిలో సమానంగా వేసి మూతపెట్టి బాగా ఊపండి. రెండోదాంట్లో నురగ నిలిచి, బోరు నీళ్ళదాంట్లో నురగ చచ్చి పాలవిరుగుడులా తేలితే మీకు జవాబు దొరికినట్టే. ఈ పరీక్షకి బాడీవాష్ వాడితే తేడా తెలియదు, సబ్బే వాడాలి. గీజర్ కాయిల్ మీద సున్నం గట్టిగా పేరుకుందంటే ఈ పరీక్ష కూడా అనవసరం. లెక్క కావాలంటే నీళ్ళు ల్యాబ్‌కి ఇవ్వండి. తాగునీటి భారత ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం కఠినత్వం లీటరుకి 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, వేరే దారి లేకపోతే 600 వరకు సరిపెట్టుకోవచ్చు. కల్యాణి డ్యామ్ నుంచీ తెలుగుగంగ నుంచీ వచ్చే కొళాయి నీళ్ళు వాడే వీధుల్లో ఈ బాధ సాధారణంగా తక్కువ. అలాంటి ఇంట్లో మంచి సబ్బు వాడితే తప్పేమీ లేదు. ఊరంతా ఒకే సలహా చెల్లదని ఇందుకే అంటున్నాను.

ఈ మాట వినగానే ఎవరో ఒకరు మీకు వాటర్ సాఫ్ట్‌నర్ అమ్మడానికి వస్తారు. గీజర్‌కీ వాషింగ్ మెషీన్‌కీ అది మంచిదే. కానీ బాబు చర్మం బాగుపడుతుందని కొనకండి. ఇంగ్లండ్‌లో ఎగ్జిమా (చర్మం పొడిబారి, గరుకెక్కి దురద పెట్టే జబ్బు) ఉన్న 336 మంది పిల్లల మీద జరిపిన పరిశోధన 2011లో వెలువడింది. ఇంట్లో సాఫ్ట్‌నర్ పెట్టినవాళ్ళకీ పెట్టనివాళ్ళకీ జబ్బు తీవ్రతలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు.

ఇంకో తేడా పీహెచ్, అంటే పులుపు, క్షారం కొలిచే అంకె. 7 కన్నా తక్కువైతే పులుపు, ఎక్కువైతే క్షారం. మన చర్మం పైపొర కాస్త పులుపు, పీహెచ్ ఇంచుమించు 5. సబ్బు 9, 10 మధ్య ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళ చర్మం కొన్ని గంటల్లో మళ్ళీ మామూలుకి వచ్చేస్తుంది, వాళ్ళకిది పెద్ద సమస్య కాదు. పొడిచర్మం వాళ్ళకి, మీ బాబులాంటి పిల్లలకి, వయసు మళ్ళినవాళ్ళకి అలా తేరుకోవడం ఆలస్యం. రోజుకి రెండుసార్లు సబ్బు పడితే తేరుకునే లోపే మళ్ళీ దెబ్బ. బాడీవాష్‌లు ఎక్కువగా 5 నుంచి 7 మధ్య ఉంటాయి.

ఇక్కడ ఒక మెలిక ఉంది. ద్రవంగా ఉన్నదల్లా బాడీవాష్ కాదు. "సహజం", "చేతితో చేసింది" అంటూ అమ్మే కొన్ని సీసాల్లో ఉండేది కాస్టిక్ పొటాష్‌తో చేసిన ద్రవ సబ్బు. లేబుల్ మీద పొటాషియం కోకోయేట్, పొటాషియం ఓలియేట్ అని ఉంటే అది సబ్బే. పీహెచ్ అంతే ఎక్కువ, బోరు నీళ్ళలో తెట్టూ అంతే. డబ్బు మాత్రం రెండింతలు.

లేబుల్ చదవడం కష్టమేమీ కాదు. ఎక్కువ మోతాదులో ఉన్నది ముందు, తక్కువది తర్వాత రాస్తారు. మొదట నీళ్ళు. తర్వాత వచ్చే పేరే అసలు సరుకు. సోడియం లారిల్ సల్ఫేట్ అని ఉంటే అది కాస్త ఘాటు. చర్మానికి మంట పుట్టించి చూసే పరీక్షల్లో పరిశోధకులు వాడేది దాన్నే. సోడియం లారెత్ సల్ఫేట్ అయితే దానికన్నా సాధువు. ఈ రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి, ఒకటికి రెండుసార్లు చదవండి. దాని పక్కనే కోకామిడోప్రొపైల్ బీటెయిన్ ఉంటే ఘాటు ఇంకా తగ్గుతుంది. డెసిల్ గ్లూకోసైడ్, సోడియం కోకోయిల్ ఐసెథియోనేట్ ముందు వరసలో ఉన్నవి మరీ మృదువు, నురగ కొంచెం తక్కువ. గ్లిజరిన్ పేరు పైనే కనబడితే మంచిది. డైసోడియం ఈడీటీఏ ఉంటే భయపడకండి, అది బోరు నీళ్ళలో కాల్షియాన్ని పట్టి ఉంచడానికే.

చిక్కగా ఉంటే మంచి సరుకు అనుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు. ఆ చిక్కదనం చాలాసార్లు ఉప్పుది. అవును, సోడియం క్లోరైడే. పల్చటి ద్రావణంలో తగుపాటి ఉప్పు వేస్తే జెల్లీలా బిగుస్తుంది, ఎక్కువైతే మళ్ళీ నీళ్ళైపోతుంది. ల్యాబ్‌లో కొత్తగా చేరినవాళ్ళకి మేం మొదట చూపించే వింత అదే.

ఇక బొమ్మల సంగతి. సీసా మీద గంధం చెక్క, కుంకుమపువ్వు, వేపాకు, ఎర్రచందనం. ఆ పేర్లు లేబుల్‌లో సువాసన తర్వాత, సరుకు చెడకుండా కలిపే ప్రిజర్వేటివ్ పక్కన ఉన్నాయంటే వాటి మోతాదు సాధారణంగా ఒక శాతం కూడా ఉండదు. అదీ నిమిషంలో కడిగేసేదానిలో. మన శేషాచలం ఎర్రచందనానికి అసలు పరిమళమే ఉండదు, రంగు మాత్రమే. అయినా ఎర్రచందనం బాడీవాష్ అంటూ ఘుమఘుమలాడేది అమ్ముతారు! దుంగలకి లక్షలు పలకొచ్చు, సీసాలో ఉన్న చిటికెడుకి మీరు అదనంగా కట్టనక్కర్లేదు.

పారాబెన్ లేదు అన్న ముద్ర చూసి కూడా మురిసిపోవద్దు. పారాబెన్లంటే జనం భయపడ్డాక కంపెనీలు వాటి బదులు వేరే ప్రిజర్వేటివ్‌లు పట్టుకున్నాయి. అందులో మిథైల్ ఐసోథయాజోలినోన్ అనేది ఎంతమందికి ఎలర్జీ తెచ్చిందంటే, అమెరికా కాంటాక్ట్ డెర్మటైటిస్ సొసైటీ 2013కి గాను ఆ ఏటి ఎలర్జీ కారకంగా దాన్నే ప్రకటించింది. యూరప్‌లో రాసి వదిలేసే క్రీముల్లో దాన్ని నిషేధించారు, కడిగేసేవాటిలో పది లక్షల భాగాలకి 15 భాగాలకి మించకూడదన్నారు. అందరికీ పడదని కాదు. బాబుకి మాత్రం ఆ పేరు లేనిది, సువాసన కలపనిది చూడండి. పర్ఫ్యూమ్, ఫ్రాగ్రెన్స్ అన్న మాట లేబుల్‌లో ఉండకూడదు. "బేబీ" అని రాసి ఉన్నంత మాత్రాన సువాసన లేనట్టు కాదు.

క్రిములు చంపే రకం గురించి ఎక్కువ రాయను. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2016 సెప్టెంబరులో ట్రైక్లోసాన్, ట్రైక్లోకార్బన్‌తో కలిపి 19 పదార్థాలను ఇంట్లో వాడే క్రిమినాశక సబ్బుల్లోంచి తీసేయమంది. మామూలు సబ్బూ నీళ్ళ కన్నా ఇవి మేలని కంపెనీలు రుజువు చూపలేకపోవడమే కారణం. స్నానంలో క్రిములు పోయేది నురగతో పాటు కొట్టుకుపోయి, చచ్చి కాదు. పిల్లల స్నానం బకెట్‌లో క్రిమినాశక ద్రవం ఒక మూత పోయడం మన ఇళ్ళల్లో చాలాచోట్ల ఉంది. గరుకు మచ్చలున్న పిల్లాడికి అది మంట తప్ప మరోటి కాదు, వెంటనే ఆపండి.

పనిలో పని, ఒంటి మీద గుండ్రంగా, అంచు ఎర్రగా, మధ్యలో మామూలుగా ఉండే మచ్చ తామర కావచ్చు. దానికి ఏ బాడీవాషూ మందు కాదు. మెడికల్ షాపులో అడిగితే ఇచ్చే మూడు మందులు కలిపిన ట్యూబు అసలే కాదు. అందులో స్టెరాయిడ్ ఉంటుంది, వారంలో తగ్గినట్టే ఉండి రెట్టింపుగా తిరగబెడుతుంది. ఇంట్లో ఒకరికి వస్తే తువ్వాలు, పీచు వేరు చేయండి.

మీ అత్తగారి మాట సగం నిజం. నూనె పెట్టి తలంటుకునే రోజున పెసరపిండి నూనెని భేషుగ్గా లాగేస్తుంది, బోరు నీళ్ళలో కూడా తెట్టు కట్టదు. కుంకుడుకాయ కూడా అంతే, అందులో నురగనిచ్చేది సబ్బు కాదు, సాపొనిన్. కళ్ళలో పడితే ఎలా మండుతుందో మీకు చెప్పక్కర్లేదు. ఆరోగ్యమైన చర్మం ఉన్న పెద్దవాళ్ళు వారానికోసారి సున్నిపిండి వాడితే నాకేం అభ్యంతరం లేదు. తేమ తగిలి పురుగు పట్టకుండా చూసుకోవాలి, మరీ బరకగా ఆడించకూడదు. కానీ బాబుకి వద్దని నచ్చజెప్పండి. ఆ మచ్చలున్నచోట చర్మం పైపొర ఇప్పటికే చిరిగి ఉంది. పిండి పెట్టి రుద్దితే ఇంకా చిరుగుతుంది. ఇంకో భయమూ ఉంది. పగిలిన చర్మం మీద తిండి పదార్థాల ప్రొటీన్లు రోజూ రుద్దితే ఒంటికి వాటి మీద ఎలర్జీ పుట్టవచ్చు. జపాన్‌లో గోధుమ ప్రొటీన్ కలిపిన ఒక ముఖం సబ్బు వాడి 2 వేల మందికి పైగా గోధుమ తింటే పడని స్థితికి వచ్చారు, 2011లో ఆ సబ్బును మార్కెట్ నుంచి వెనక్కి తీసుకున్నారు. పెసరపిండితో అంత జరిగిందని నేను అనడం లేదు, చిరిగిన చర్మం మీద ప్రయోగాలు వద్దంటున్నానంతే. పెద్దావిడ బాధపడకుండా, ఆవిడ సున్నిపిండి ఆదివారం మీవారి వీపుకి కేటాయించండి.

బాబు స్నానం ఇలా ఉండాలి. గోరువెచ్చటి నీళ్ళు, అయిదు నుంచి పది నిమిషాలు. చంకలు, గజ్జలు, పాదాలు, మెడ, ఇవి చెమట, మురికి పట్టే చోట్లు. బాడీవాష్ అక్కడే, చేత్తో. చేతులకీ కాళ్ళకీ ఆడుకుని దుమ్ము పట్టిన రోజు తప్ప ఉత్త నీళ్ళు చాలు. తువ్వాలుతో రుద్దకుండా అద్ది, ఒంటి మీద ఇంకా తడి ఉండగానే, రెండు మూడు నిమిషాల్లో, సువాసన లేని మాయిశ్చరైజర్ పట్టించండి. లోషన్ కన్నా చిక్కటి క్రీము నయం. కొనలేని నెలలో వర్జిన్ కొబ్బరినూనె పర్వాలేదు. రోజుకి రెండుసార్లు రాయాలి, మచ్చ తగ్గిందని మానకూడదు. రెండు వారాలు ఇలా చేసినా రాత్రి దురద ఆగకపోతే పిల్లల డాక్టరుకో చర్మ డాక్టరుకో చూపించండి. ఎగ్జిమా అయితే దానికి మందులు వేరే ఉన్నాయి, సీసాలు మార్చుకుంటూ కాలం గడపొద్దు.

పెద్దవాళ్ళు వాడే పద్ధతిలో కూడా దుబారా ఎక్కువ. షాపులో చెప్పినట్టు అరచేతి నిండా పోసుకుంటే నెల తిరక్కుండా సీసా ఖాళీ. రూపాయి బిళ్ళంత చాలు, తడిపిన బీరపీచు మీదో నలుచదరపు గుడ్డ మీదో వేసి నలిపితే ఒళ్ళంతటికీ సరిపడా నురగ వస్తుంది. బకెట్ స్నానంలో చేత్తో నేరుగా రాసుకుంటే సగం నేల పాలు. ఆ పీచుని బాత్రూమ్‌లో తడిగా వేలాడదీయకండి, బాల్కనీలో ఎండలో ఆరనివ్వండి, వాసన వచ్చిందంటే పారేయాల్సిందే. ఒకరిది ఇంకొకరు వాడొద్దు. రోహిణి కార్తెలో రోజుకి రెండు మూడుసార్లు స్నానం చేసేవాళ్ళు ఒక్కసారే బాడీవాష్ వాడి, మిగతావి ఉత్త నీళ్ళతో కానిచ్చేయండి. చెమట పొక్కులకి చల్లటి నీళ్ళూ గాలీ పనిచేసినట్టు నురగ పనిచేయదు. పలమనేరు, మదనపల్లె వైపు చలికాలం ఒళ్ళు తెల్లగా పొట్టు రేగుతుందనే బంధువులుంటే వాళ్ళకీ ఇదే చెప్పండి. పొగలు కక్కే నీళ్ళు తగ్గించమనండి, ఏ బాడీవాష్ చేసే మేలునైనా అవి తినేస్తాయి.

అడుగున మిగిలిందని సీసాలో నీళ్ళు పోసి గిలక్కొట్టడం మన అందరి అలవాటు. షాంపూ, బాడీవాష్‌లతో అది వద్దు. నీళ్ళు పోస్తే ప్రిజర్వేటివ్ కూడా పల్చబడుతుంది. తర్వాత నాలుగు రోజులు అది బాత్రూమ్ వేడిలో ఉంటే సూడోమోనాస్ లాంటి బాక్టీరియా హాయిగా పెరుగుతుంది. పోశారంటే ఆ పూటే వాడేయండి.

కొనేటప్పుడు ప్యాక్ మీద మిల్లీలీటరుకి ధర ఎంతో ముద్రించి ఉంటుంది, దాన్నే పోల్చండి. ఇంత సీసా దండగే అనిపిస్తే నా ఓటు సిండెట్ బారుకి. చూడ్డానికి సబ్బు బిళ్ళే, కానీ మొదటి పేరు సోడియం కోకోయిల్ ఐసెథియోనేట్ లాంటిది ఉంటుంది. బోరు నీళ్ళలో తెట్టు దాదాపు కట్టదు, పీహెచ్ కూడా సబ్బంత ఎక్కువ కాదు, ప్లాస్టిక్ సీసా ఉండదు, కారిపోదు. నీళ్ళు నిలవని సబ్బుపెట్టెలో పెడితే ఎక్కువ రోజులు వస్తుంది. మామూలు సబ్బే కావాలంటే టీఎఫ్ఎం, అంటే అందులోని మొత్తం కొవ్వు పదార్థం ఎంతో చూడండి. గ్రేడ్ 1 అంటే కనీసం 76 శాతం, గ్రేడ్ 2 అంటే 70, గ్రేడ్ 3 అంటే 60. బేతింగ్ బార్ అని ఉన్నదానికి 40 శాతం ఉన్నా సరిపోతుంది.

ఇక మీ మరిది సొన పొక్కులు. మామిడి తొడిమ విరిచినప్పుడు చిమ్మే సొనలో రిసార్సినాల్ జాతి నూనెలు ఉంటాయి, జీడిగింజల పెంకు రసానికి ఇవి దగ్గరి చుట్టాలు. చర్మంలోకి ఇంకాక ఏం రాసినా ఉపయోగం తక్కువ. కాబట్టి సాయంత్రం ఇంటికొచ్చి చేసే స్నానం మీద ఆశ పెట్టుకోకుండా, మండీలోనే, సొన పడిన కొద్ది నిమిషాల్లో కడుక్కోవాలి. జేబులో పట్టే చిన్న సీసాలో బాడీవాష్ పోసివ్వండి. చల్లటి నీళ్ళు ధారగా పోస్తూ, గట్టిగా రుద్దకుండా, రెండుసార్లు కడగమనండి. గిన్నెలు తోమే పౌడరు, కిరోసిన్ చేతికి తగలనివ్వొద్దు. చొక్కా చేతుల మీద, తువ్వాలు మీద పడిన సొన మళ్ళీ ముఖానికి అంటుతుంది, వాటిని విడిగా ఉతకాలి. పొడుగు చేతుల చొక్కా, రబ్బరు గ్లవ్స్ వేసుకోమంటే ఉక్కపోత అంటాడు, కనీసం కాయ తొడిమ విరిచే పని ఉన్నపుడైనా వేసుకోమనండి. పొక్కులు పగిలి నీరు కారుతున్నా, కళ్ళ చుట్టూ వాచినా ఇంటి వైద్యం కట్టిపెట్టి తిరుపతి రుయా ఆసుపత్రిలో చర్మ విభాగం ఓపీకి పంపండి.